చూరులేని ఇంట్లో గుసగుస

ముందే చెబుతున్నాను. నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పులు తొడుక్కుని బయల్దేరండి. కథ సగంలో ఉండగా "అబ్బే, అదెలా కుదురుతుందండీ" అని అడ్డుపడితే మాత్రం నేను ఊరుకోను. రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ చిరుతపులిని హారన్ కొట్టకుండా, ఒక్క చూపుతో పక్కకి తప్పించిన మనిషిని. మీరెంత?

ఆ ఎడారి కొండల్లో బండి తోలిన ప్రతివాడికీ చూరులేని ఇల్లు తెలుసు. కనుమ ఎక్కి చివరి మలుపు తిరగ్గానే ఎడమ పక్కన ఉంటుంది. రాతి గోడలు, రెండు గదులు, మధ్యలో గుండెల ఎత్తు అడ్డగోడ. రోడ్డు వేసే రోజుల్లో మేస్త్రీ కుటుంబం కోసం కట్టారట. ఒక ఇసుక తుఫానుకి పైకప్పు మొత్తం లేచిపోయి లోయలో పడింది. మళ్ళీ వేద్దామని వెళ్ళినవాళ్ళు నిచ్చెనలు అక్కడే వదిలేసి వచ్చేశారని చెప్పుకునేవారు.

ఎందుకంటే... ఆ ఇంట్లో గుసగుసలు.

దీపం ఉండదు. మనిషి అలికిడి ఉండదు. వెన్నెల లేని రాత్రి ఆ పక్కగా వెళితే మాత్రం గోడల లోపల ఎవరో చెవిలో చెప్పుకుంటున్నట్టు మాట్లాడుకుంటారు. మనం ఆగితే అదీ ఆగుతుంది. మనం కదిలితే — మళ్ళీ మొదలు. ఒక లారీ డ్రైవరు అక్కడ టైరు మార్చుకుంటుంటే ఆడగొంతు ఒకటి కిసుక్కున నవ్విందట. ఆ మహానుభావుడు విప్పిన టైరు విప్పినట్టే వదిలేసి, మిగిలిన చక్రాల మీదే కొండ దిగిపోయాడు.

నేనా? నేను కొండ కింద టూరిస్టుల బసలో జీపు తోలేవాణ్ణి. ఆ మలుపుల్లో ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో నిండు టీ గ్లాసు. పైకి వెళ్ళేసరికి టీ చల్లారేది గానీ చుక్క ఒలికేది కాదు.

ఆ కొండల అందం ఏం చెప్పమంటారు. వానంటే ఎరగని నేల. చెట్టన్నది లేదు. అయినా పొద్దున పసుపు, మధ్యాహ్నం ఇటుక, సాయంత్రం వంకాయ రంగు. పగలు ఆ నేల అలా చీరలు మార్చి మార్చి, రాత్రయ్యేసరికి నగలపెట్టె మూత తీసేది. చుక్కలండీ. మీ ఊళ్ళో కనబడేవి కావు. అవి చుక్కల పేరు చెప్పుకుని బతుకుతున్న మిణుగురులు. మా దగ్గర తల ఎత్తితే టోపీకి తగిలేవి.

ఆ చుక్కల కోసమే జనం వచ్చేవారు. అందుకని మా బసలో ఒక గట్టి నియమం పెట్టుకున్నాం. చుక్కలు చూసే చోట దీపం వెలిగించకూడదు. చీకటికి కన్ను అలవాటు పడటానికి చాలాసేపు పడుతుంది. మధ్యలో ఎవడైనా ఒక్క అగ్గిపుల్ల గీశాడంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. మరీ తప్పనిసరైతే టార్చికి ఎర్రగుడ్డ చుట్టి వాడాలి. ఎర్ర వెలుగు కంటిని అంతగా చెదరగొట్టదు. నా టార్చికి గుడ్డ ఎందుకు లేదని మీరు అడగొచ్చు. నాకు చీకట్లో కనబడుతుంది కనక.

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో ఒక టీచరమ్మ వచ్చింది. రిటైరై చాలా కాలమైంది, జుట్టు ముగ్గుబుట్ట. ఉద్యోగమంతా పెద్ద పట్నంలో, రాత్రీ పగలూ తేడా తెలియని దీపాల మధ్య. పిల్లలకి చుక్కల పాఠం వస్తే నల్లబోర్డు మీద సుద్దముక్కతో టక్ టక్ టక్ మని చుక్కలు పెట్టి, "ఇవి కృత్తికలు, అన్నీ ఒకే గుంపుగా ఉంటాయి" అని చెప్పేదట. ఎన్ని బళ్ళో, ఎంతమంది పిల్లలో. తను మాత్రం ఆ గుంపుని ఒక్కసారైనా కళ్ళతో చూసింది లేదు.

ఇప్పుడు చూద్దామంటే కంటి మధ్యలో మచ్చ పడింది. కొత్తగా పడిన మచ్చ. దేని మీద చూపు నిలిపితే అదే మసకైపోతుంది. చుట్టుపక్కల కాస్త నయం. వచ్చే ఏటికి ఆ కాస్తా ఎంత మిగులుతుందో చెప్పలేమన్నాడట డాక్టరు. అందుకని పరుగున వచ్చింది. మొదటి రెండు రాత్రులూ మబ్బు. మూడోదే ఆఖరు. తెల్లారితే ఊరికి బస్సు.

మూడో రాత్రి మబ్బు విడిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు ఏదో ఆఫీసు గుంపు రెండు బస్సుల్లో దిగింది. జనరేటరు, రంగురంగుల దీపాలు, నేల అదిరే పాటలు. ఆకాశం చిలకపచ్చగా మారింది. టీచరమ్మ గుడారం ముందు కుర్చీలో కూర్చుని ఆ వెలుగు వంకే చూస్తూ ఉండిపోయింది. అదే నాకు కష్టంగా తోచింది.

భోజనాల దగ్గర చర్చ పడింది. ఎక్కడికి తీసుకెళ్ళాలి? బయట ఇసుకగాలి. కళ్ళు తెరిస్తే నీళ్ళు కారతాయి. గాలికి అడ్డంగా గోడలుండాలి, పైన ఆకాశం తెరిచి ఉండాలి, చుట్టూ దీపం ఉండకూడదు. అలాంటి చోటు ఒక్కటే. ఆ పేరు ఎవరూ ఎత్తలేదు.

అంతకుముందు రాత్రే నేను టూరిస్టులకి ఒక ముక్క చెప్పి ఉన్నాను. చూరులేని ఇంట్లో దెయ్యాన్ని తలకింద దిండుగా పెట్టుకుని నిద్రపోయానని. ఆ ముక్క టీచరమ్మ చెవిన పడిందని నాకేం తెలుసు.

"అయితే బాబూ, నన్ను అక్కడికే తీసుకెళ్ళు" అంది.

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. నాది కాదు, మా బావమరిదిది. బసలో వంట మా ఆవిడది. ఆవిడ తమ్ముడు కూరలు తరిగేవాడు. వాణ్ణి అందరూ డోలు అనేవారు. భయమేస్తే వాడి గుండె చప్పుడు పక్కవాడికి వినిపిస్తుంది కనక.

నేను గాలి ఎక్కువగా ఉందనీ, బ్రేకులు చూసుకోవాలనీ, ఇలా బాధ్యత గల డ్రైవరు చెప్పాల్సినవన్నీ చెప్పబోయాను. మా ఆవిడ వంటగదిలోంచే తీర్పు చెప్పేసింది.

"తీసుకెళ్ళండి. మీరు కొట్టిన కోతల్లో ఒక్కటైనా నిజం కానివ్వండి. ఒరే తమ్ముడూ, నువ్వూ ఎక్కు. మీ బావ మధ్యలో వెనక్కి తిప్పకుండా చూసుకో."

ఎక్కాం.

ఆ రాత్రి నేను బండి తోలిన తోలుడు చూసి కొండలే పక్కకి జరిగాయి. ఆఖరి మలుపు ముందు హెడ్‌లైట్లు కూడా ఆపేశాను. టీచరమ్మ కళ్ళు అప్పటినుంచే చీకటికి అలవాటు పడాలి కదా. కింద లోయ, పైన చుక్కలు, మధ్యలో నేను. చుక్కల వెలుగులోనే ఇంటి ముందు జీపు ఆపాను.

ఇంజను ఆపగానే ఆ నిశ్శబ్దం వచ్చి చెవుల మీద కూర్చుంది.

లోపలికి వెళ్ళాం. మొదటి గదిలో దుప్పటి పరిచాను. టీచరమ్మని పడుకోబెట్టి శాలువా కప్పాను. పైన ఆకాశం నాలుగు గోడలకీ సరిగ్గా కొలిచి వేసిన కప్పులా ఉంది. ఆవిడ మా ఇద్దరి చేతా మాట తీసుకుంది. ఏం జరిగినా తెల్లవెలుగు వెయ్యొద్దు. కళ్ళు కుదుటపడటానికే తనకి మామూలు వాళ్ళకంటే ఎక్కువసేపు పడుతుంది, మళ్ళీ మళ్ళీ ఆ అవకాశం రాదు.

"ఏం జరిగినా... అంటే ఏం జరుగుతుందండీ?" అని గొణిగాడు డోలు.

కాసేపు గడిచింది. కృత్తికలు తూర్పు గోడ దాటి పైకొచ్చాయి. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని అటు చూపించాను. ఆవిడ చూసింది. ఇంకా చూసింది. రెప్ప వెయ్యకుండా చూసింది.

"లేవు బాబూ... ఎటు చూస్తే అటే పోతున్నాయి."

ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడిస్తే కళ్ళలో నీళ్ళొచ్చి ఉన్నది కూడా కనబడదని ఆపుకుంటోంది. నేను ఎన్నో చూశాను గానీ, అంత ఆకాశం కింద పడుకుని ఖాళీ చేతుల్తో ఉన్న మనిషిని చూడలేదు.

సరిగ్గా అప్పుడు —

అడ్డగోడ అవతల... ఎవరో గుసగుసలాడారు.

డోలు నా మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోవడం కాదు, అందులోకి దూరిపోదామని చూశాడు. వాడి గుండె డబడబ డబడబ. నాదీ కొంచెం శబ్దం చేసింది. అది ధైర్యం లోపల ఇమడక.

ఊపిరి బిగబట్టాం. గుసగుస ఆగింది.

నేను కాలు కదిపాను. రాయి కిర్రుమంది. అవతల కూడా... కిర్రుమంది.

డోలు పళ్ళు పటపట కొట్టుకున్నాయి. అవతల నుంచి కూడా పళ్ళు పటపటమన్నాయి. నేను దేవుడి పేరు ఒకటి తలుచుకున్నాను, గొంతు లోపలే. అవతల దెయ్యం కూడా దేవుడి పేరే తలుచుకుంది. దేవుణ్ణి తలుచుకునే దెయ్యాన్ని మీరెక్కడైనా విన్నారా? నేను విన్నాను. అంత ముదురు దెయ్యమన్నమాట.

టార్చి నా చేతిలోనే ఉంది. బొటనవేలు మీట మీదే ఉంది. ఒక్క నొక్కు... అంతా తేలిపోతుంది. కానీ పక్కన టీచరమ్మ కళ్ళు. ఇంతసేపూ పోగేసుకున్న చీకటంతా ఆ ఒక్క నొక్కుతో ఒలికిపోతుంది. అప్పుడు నేను చేసిన పని చరిత్రలో ఏ వీరుడూ చేసి ఉండడు. బొటనవేలు మీట మీంచి తీసేశాను.

"బావా, వెయ్యి... నీకు దణ్ణం పెడతాను, వెయ్యి" అన్నాడు డోలు.

వెయ్యలేదు.

అప్పుడు వినిపించింది. ఈసారి గుసగుస కాదు, మెత్తటి ఆడగొంతు. నిద్రపోతున్న పిల్లని లేపుతున్నట్టు.

"నేరుగా చూడకు పాపా... కొంచెం పక్కకి చూడు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కింది ప్రాణాలు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాయి.

టీచరమ్మ మాత్రం బెదరలేదు. ఎవరో తెలిసినవాళ్ళు చెప్పినట్టు, చూపుని కృత్తికల మీంచి ఇవతలికి జరిపింది. ఒక బెత్తెడు. ఇంకొంచెం...

"అమ్మయ్యో" అంది, నెమ్మదిగా.

తర్వాత ఆవిడ చెయ్యి పైకి లేచింది. వేలితో గాలిలో టక్... టక్... టక్... నల్లబోర్డు మీద పెట్టినట్టే. ఒక్కో చుక్కకి ఒక్కో దెబ్బ. గుంపంతా పూర్తయ్యేసరికి నవ్వడం మొదలుపెట్టింది. చిన్నపిల్ల నవ్వు. ఆ నవ్వుకి డోలు గుండె కూడా ఒక దెబ్బ తప్పింది.

ఆవిడ పని అయిపోయింది కదా, ఇక నా పని మిగిలింది. అవతల ఎవరో తేల్చుకోవాలి. అడ్డగోడ దగ్గరికి పాకాను. పాకడం భయంతో కాదు, చప్పుడు కాకుండా. లేచి, గోడ మీదుగా చెయ్యి చాపాను, నెమ్మదిగా, చీకట్లోకి...

చల్లటి చెయ్యి ఒకటి వచ్చి నా చేతిలో పడింది.

అరిచాను. ఆ చేతి తాలూకు గొంతు నాకంటే గట్టిగా అరిచింది. ఇటు డోలు, అటు ఒక ఆడగొంతు. కొండ ఆ నాలుగు కేకల్నీ పట్టుకుని తిప్పి మళ్ళీ మా మీదే విసిరింది. ఆ రాత్రి లోయలో నిద్రపోయిన జంతువు ఒక్కటి లేదు.

అవతల ఎర్ర వెలుగు వెలిగింది. టార్చికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది.

వెలుగులో ఒక లావాటి మనిషి, తలకి మఫ్లరు, మీసాల నిండా బిస్కట్టు పొడి. ఆయన వెనక దుప్పట్లో తల దూర్చిన ఒక పడుచమ్మాయి.

"మీరు... మనుషులేనా?" అన్నాడాయన.

"మాకూ అదే అనుమానం" అన్నాను.

ఇక చూడండి నవ్వులు. కనుమకి అవతలి ఊళ్ళో బేకరీ ఆయనది. బన్నుల బాబాయ్ అంటారు. ఆ పడుచమ్మాయి ఆయన భార్య. ఇద్దరికీ చుక్కల పిచ్చి. పెళ్ళైన దగ్గర్నుంచీ వెన్నెల లేని రాత్రుల్లో అవతలి వాలున బండి పెట్టి, నడిచి ఈ ఇంటికొచ్చి, దీపం లేకుండా పడుకుని చూస్తారు. కన్ను చెదరకూడదు కనక వెలుగు వెయ్యరు. రోడ్డు మీద బండి ఆగితే, ఎవరో దొంగలని నోరు మూసుకుంటారు. లారీ డ్రైవరు కొండ దిగిన రాత్రి నవ్విన ఆడగొంతు ఆవిడదే. ఆయన చెప్పిన జోకుకి.

ఇన్నాళ్ళూ ఇవతలి డ్రైవర్లమంతా ఆ ఇంట్లో దెయ్యం ఉందనుకున్నాం. వాళ్ళేమో ఆ రాత్రి దీపాల్లేకుండా వచ్చిన బండి చప్పుడూ, చీకట్లో మా గొణుగుడూ విని, చూరులేని ఇంటికి చెడ్డపేరు ఊరికే రాలేదని ఒకరినొకరు కావలించుకుని వణికారు. డోలు పళ్ళు పటపటలాడినప్పుడు అవతల పటపటలాడినవి బాబాయ్ పళ్ళే. వాళ్ళ ఫ్లాస్కులో టీ, మా ఆవిడ డబ్బాలో కట్టిచ్చిన పలహారమూ అడ్డగోడ మీద పెట్టుకుని పంచుకున్నాం. డోలు అయితే ధైర్యం మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. తను ముందే కనిపెట్టాడట.

టీచరమ్మ అలాగే పడుకుని ఉంది, కళ్ళు పైకి పెట్టి. చెయ్యి చాపి పడుచమ్మాయిని దగ్గరికి పిలిచింది.

"నీ మేలు మర్చిపోలేనమ్మా. ఇన్నాళ్ళు ఎవరూ చెప్పని కిటుకు చెప్పావు."

"నేనేం చెప్పానండీ?"

"పక్కకి చూడమన్నావు కదా. అది సరే గానీ, మీ అమ్మమ్మ వయసు దాన్ని, నన్ను పాపా అన్నావే... నవ్వొచ్చింది. నన్నలా పిలిచి ఎన్నేళ్ళయిందో."

పడుచమ్మాయి చేతిలోని టీ గ్లాసు ఆగిపోయింది.

"నేను... ఒక్క మాటా మాట్లాడలేదండీ. దుప్పట్లో తల దూర్చి ఉన్నాను. ఆ మాట మీవాళ్ళు అన్నారనుకున్నాం. మాకు... మీ వైపు నుంచి వినిపించింది."

"మాకు మీ వైపు నుంచి" అన్నాను నేను. ఆ మాట నా గొంతులోంచి కాక ఇంకెక్కణ్ణుంచో వచ్చినట్టుంది.

బాబాయ్ ఎర్ర టార్చి అడ్డగోడ పొడవునా తిప్పాడు. గోడ మొత్తం రాయే. రెండు వైపులా మేమే. డోలు ఉపన్యాసం ఆపి, నడవకుండానే జీపులో ఉన్నాడు. ఎలా వెళ్ళాడో వాడికే తెలియదు.

నేను నిలబడ్డాను. పరిగెత్తలేదు. కాళ్ళు రెండూ ఆ నేలని గౌరవంగా పట్టుకుని ఉన్నాయి.

"టీచరమ్మా... వెళ్దాం" అన్నాను.

"మీరు వెళ్ళండి బాబూ. నేను ఇంకా చూడటం పూర్తి చెయ్యలేదు" అంది ఆవిడ.

అని, శాలువా సగం తీసింది. తన పక్కన, ఎవరూ లేని వైపు, నేల మీద పరిచింది. పొద్దుపోయి ఇంటికొచ్చిన మనిషిని పలకరించినట్టు అటు తిరిగి, "రండమ్మా, చలిగా ఉంది" అంది.

మేం ముగ్గురం చూశాం. ఎర్ర వెలుగులో, కళ్ళారా.

శాలువా అంచు ఒకటి... నెమ్మదిగా లేచింది. ఎవరో కింద ఒదిగినట్టు... ఒంటి ఆకారంలో సర్దుకుని, కుదురుకుంది.

గాలి అంటారా? గోడల లోపల ఆ రాత్రి దీపం పెట్టినా రెపరెపలాడదు. టీచరమ్మ మళ్ళీ పైకి చూసింది. కాసేపటికి వాళ్ళిద్దరి మధ్యా గుసగుస మొదలైంది. ఎటు చూడాలి, ఏది కనబడుతోంది, అని. మధ్య మధ్య నవ్వు. ఒకటి ఆవిడది.

తెల్లారి బస్సు ఎక్కేటప్పుడు ఆవిడ మొహం చూసి మా ఆవిడ, "ఏం చూశారు టీచరమ్మా, అంత వెలిగిపోతున్నారు" అని అడిగింది. అన్నీ చూశానంది.

ఇదీ జరిగింది. నేను ఒక్క ముక్క కూడా కలపలేదు. నా మాట మీద అనుమానం ఉన్నవాళ్ళు కనుమ దాటి అవతలి ఊరు వెళ్ళండి, బేకరీ ఎవరైనా చూపిస్తారు. మనిషి అబద్ధం ఆడడు, ఆడే రకం కాదు. పేరు బన్నుల బాబాయ్.